మూలల మేడమ్

మా బడిలో ఒకటో తరగతి టీచరుకు 'మూలల మేడమ్' అని పేరు పెట్టింది నేనే. శిక్షణకు వెళ్ళొచ్చిన వారంలోనే ఆవిడ గదికి నాలుగు మూలలూ సింగారించింది. ఒక మూల బొమ్మల పుస్తకాలు, ఒక మూల త్రాసు, గింజలు, ఇంకో మూల ఉత్తుత్తి దుకాణం, మిగిలినదాంట్లో రంగులు. పిల్లలు గుంపులుగా ఒక్కో మూలకు వెళ్ళి, చేతులతో పనిచేస్తూ నేర్చుకోవాలట. మంచి మాటే. కాకపోతే అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగింది.

"ముట్టుకుంటే పాడైపోవూ? అధికారిగారు వచ్చి చూడాలి కదండీ," అంది నాతో.

తలుపు మీద 'ఆదర్శ తరగతి' బోర్డు పడాలని ఆవిడ తాపత్రయం. ఆ పిల్లలేమో ఏడాది తిరిగేసరికి నా రెండో తరగతికి వస్తారు. గింజ పట్టుకుని లెక్కపెట్టడం కూడా రాకుండా వస్తారు. నా ఏడుపు అది. ఆవిడ కనుసైగ చేస్తే చాలు, చేతులు వెనక్కి కట్టుకుని మూల నుంచి మూలకు ఊరేగేవాళ్ళు, పాపం.

అధికారి రానే వచ్చాడు. ఆ పూటకు మేడమ్ కవర్లు తీసింది. త్రాసు దగ్గరున్న రెండు జడల పిల్లతో, "ఏదీ, కాసిని గింజలు తూచమ్మా," అన్నాడాయన. ఆ పిల్ల చేతులు కదపకుండా త్రాసుకేసి గుడ్లప్పగించి చూసింది.

"తూచేశాను సార్."

నాకు ఒళ్ళు మండింది. ఆ మహానుభావుడు మాత్రం మురిసిపోయాడు.

"ఒక్క గింజ చెదరలేదు! పద్ధతంటే ఇదీ!"

బోర్డు వచ్చింది. వెంటే ఉత్తర్వు కూడా వచ్చింది: పక్క బడుల టీచర్లు చూసి నేర్చుకునేందుకు గదిని ఉన్నదున్నట్టు ఉంచాలట. తాళం వేశారు. మేడమ్ తాళంచెవి నడుముకు దోపుకుని, వచ్చినవాళ్ళకు మూలలు చూపించే పనిలో పడింది. ఇక ఆవిడ కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు. పిల్లల్ని తెచ్చి నా గదిలోకి తోశారు.

నా దగ్గర మూలలెక్కడివి? ఒక రేకు డబ్బా నిండా సీసా మూతలు, గుండీలు ఉన్నాయి. నేల మీద గుమ్మరించాను.

"తీసుకోండర్రా, మీ ఇష్టం!"

నా పిల్లలు ఎగబడ్డారు. మేడమ్ పిల్లలు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, దూరంగా వరసలో నిలబడ్డారు. రెండు జడల పిల్ల చెయ్యి ముందుకు లాగి, అరచేతిలో ఒక గుండీ పెట్టాను. దాన్ని తీసుకెళ్ళి కుప్పలో జాగ్రత్తగా పెట్టేసింది.

"నేను పాడు చెయ్యలేదు టీచర్," అంది.