బీరువాలోని పాత బైబిలు

"బీరువాలో పాత బైబిలుంది కదమ్మా, బేగి తే" అని అత్తయ్య అన్నప్పుడు నేను మామయ్యగారి శవపెట్టె మీద వేయాల్సిన దండ పట్టుకుని ఉన్నాను.

మా ఇంట్లో పోయినవాళ్ళ గుండెల మీద బైబిలు పెట్టి, దాంతోనే పూడ్చిపెడతారు. మామయ్యగారు రోజూ చదివిన తెలుగు బైబిలు అత్తయ్య ఒళ్ళో ఉంది.

"ఇది నాకుండనీ" అంది.

బీరువాలో ఉన్నది బైబిలు కాదు. మందు మొక్కల గురించి లాటిన్‌లో రాసిన పుస్తకం. దాదాపు ఐదు వందల ఏళ్ళ కిందట వెనిస్‌లో అచ్చయింది. మిషన్ బంగళా ఖాళీ చేస్తున్నప్పుడు, చిత్తుకాగితాలవాళ్ళకంటే ముందు వెళ్ళి మామయ్యగారు తెచ్చారు. పాత పుస్తకాలంటే నాకు పిచ్చని నాకే ఇచ్చారు. అలాంటి పుస్తకాల్లో అచ్చు వివరాలు చాలావరకు చివరి పేజీలో ఉంటాయి. వాటిని పట్టుకుని వెతికి వెతికి, అది తొలి ముద్రణ అని తేల్చుకున్నాను. నేను పోగుచేసినవాటిలో తొలి ముద్రణ అదొక్కటే.

దొరల పుస్తకం, ఎవరికీ రాని భాష. అందుకే అత్తయ్యకూ చుట్టాలకూ అది బైబిలే. నేనూ కాదనలేదు. బైబిలనుకున్నంత కాలం దాన్నెవరూ కదపరని నా ధీమా.

"తెలుగు బైబిలే సగం నిద్దర్లో సదివీవోడు మా అన్నయ్య. ఈ భాషలో ఏటి సదువుతాడే వదినా?" అంది మామయ్యగారి చెల్లెలు.

"అక్కడ సెప్పేవోళ్ళుంటార్లే" అంది అత్తయ్య.

నా భర్త నావైపు చూశాడు. అది బైబిలు కాదని ఆయనకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. కానీ తెలుగు బైబిల్లో మామయ్యగారు చదవడం ఆపిన చోట అత్తయ్య వేలు పెట్టుకుని కూర్చుంది. నేను నోరు తెరిస్తే ఆ వేలు తీయాలి.

తెచ్చి ఇచ్చాను. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. మూత బిగించారు. నాకేమీ అనిపించలేదు. మాకవరపాలెం నుంచి వచ్చిన చుట్టాలకు కాఫీలు సరిపోతాయా, చిన్నాడికి జ్వరం మందు పోశానా అని మాత్రం ఆలోచించాను.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరూ చేతులు కడుక్కుని, తుడుచుకుని బీరువా దగ్గర నిలబడ్డారు. బొమ్మలు చూడాలంటే నేను పెట్టిన నియమం అది.

"మొక్కల పుస్తకం ఏదమ్మా?"

"తాతయ్యతో పంపించేశాం" అన్నాను. "నాయనమ్మ దగ్గర మొక్కల మాట ఎత్తకండి. అది బైబిలే."