ఆంటీ అప్పీలు పరిశీలనలో ఉంది

జననమరణాల విషయమై తుది నిర్ణయాధికారం గలవారును, తమ కార్యాలయం ఎక్కడో, పనివేళలు ఏవో ఇంతవరకు ఎవరికీ తెలియజేయనివారును అగు ఉన్నతాధికారుల సముఖమునకు, నేపర్‌విల్‌లోని ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం సమావేశమయ్యే నలుగురి తరఫున, ఇప్పుడు ముగ్గురమే మిగిలినందున ఆ ముగ్గురి తరఫున, సవినయంగా సమర్పించు విన్నపం. దీని ప్రతిని పాఠకులకు కూడా పంపడమైనది. తమరు చదవని పక్షంలో వారైనా చదువుతారని ఆశ.

మా ఆంటీ గత మంగళవారం ఉదయం చనిపోయారు. ఆ వార్త నాకు సిటీకి వెళ్ళే రైల్లో అందింది. ఫోన్ చేసింది వాళ్ళమ్మాయి. ఆమె ఈ దేశంలోనే పుట్టి పెరిగిన మనిషి. తెలుగు వాక్యాలను సగంలో ఇంగ్లీషుకు అప్పజెప్పి వెళ్ళిపోవడం ఆమె అలవాటు. ఆ రోజు మాత్రం, "అమ్మ పోయింది. నువ్ రా," అని రెండు వాక్యాలూ పూర్తిగా తెలుగులోనే చెప్పింది. నేను తర్వాతి స్టేషన్‌లో దిగి, అవతలి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి తిరుగు రైలెక్కాను.

ఆంటీ నాకు బంధువు కారు. నేను ఎమ్మెస్ చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఆవిడ కూతురు నాతోబాటు ఒకే ల్యాబ్‌లో ఉండేది. మడతపెట్టే ఫోన్ల కాలం అది. ఇంటికి మాట్లాడాలంటే కాలింగ్ కార్డు గీకి నంబరు కొట్టుకోవలసిన రోజులు. నన్నూ, నాతో గది పంచుకున్న వరంగల్ మిత్రుణ్ణీ ఒక ఆదివారం ఆమె భోజనానికి పిలిచింది. భోజనం తర్వాత కిందికి తీసుకెళ్ళి ఒక ఆట నేర్పింది.

ఆ ఆట సంగతి తమకు తెలిసే ఉంటుంది, తమరూ అలాంటిదే నడుపుతున్నారు గనుక. తెలియని పాఠకుల కోసం మనవి. బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివారూ ఒక పాత్రను కల్పించుకుంటారు: యోధుడు, దొంగ, మంత్రగత్తె, ఏదైనా సరే. ఒకరు మాత్రం ఆట నడుపుతారు. అడవి, రాక్షసులు, వాన, వరద అన్నీ ఆ ఒక్కరి నోట్లోంచే వస్తాయి. అనుమానం వచ్చిన ప్రతిచోటా ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. పాత్ర చావుబతుకుల్లో పడితే ఆట నడిపేవారు ఒక్కసారి పాచిక విసురుతారు. పది గానీ ఆపైన గానీ పడితే బతుకు. అంతకు తక్కువైతే, రెండేళ్ళుగా పెంచుకున్న పాత్ర అయినా సరే, దాని వివరాలు రాసుకున్న కాగితం పక్కన పెట్టేయవలసిందే.

ఆ మొదటి రోజున ఆట నడిపింది వాళ్ళమ్మాయి. మా వరంగల్ మిత్రుడి యోధుడికి చావు పాచిక పడింది. కొత్తగా వచ్చినవాడు చిన్నబుచ్చుకుంటాడని ఆమె ఏదో సాకు చెప్పి బతికించింది. చిన్నబుచ్చుకోవడం మాట అటుంచి, అతను అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నన్ను గింత అలుసుగ జూస్తరా? చచ్చిననంటే చచ్చిన. నాకేం జాలి అక్కర్లే!"

ఈ గొడవ విని ఆంటీ పునుగుల పళ్ళెంతో మెట్లు దిగి వచ్చారు. "ఏవిటా అరుపులు? ఎవరు చచ్చారు?"

"ఎవరూ చావలేదమ్మా. దట్స్ ద ప్రాబ్లమ్," అంది కూతురు.

ఆంటీ పళ్ళెం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఇరుపక్షాల వాదనలూ విన్నారు. అప్పుడు గానీ మాకు తెలియలేదు, ఆవిడ లా చదివారని. గుంటూరులో ఏడాదిపాటు నల్లకోటు వేసుకున్నారు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదన్నారు. చేయవచ్చునన్న కాగితం చేతికి వచ్చేసరికి కూతురు హైస్కూల్లో ఉంది. "నేను లా మర్చిపోలేదు. లాయే నన్ను మర్చిపోయింది," అనేవారు, అదేదో వేరే ఇంటి విషయమైనట్టు. ఆ తర్వాత లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనిలో కుదిరారు.

తీర్పు వెంటనే వెలువడింది. యోధుడు చనిపోయాడు. పునుగులు చల్లారిపోతున్నాయి. ఆ పై ఆదివారానికి ఆవిడ రూల్ బుక్కు మొత్తం చదివి, కాగితం ముక్కలు గుర్తులుగా పెట్టుకుని వచ్చి, కూతురు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. ఆవిడను ఎవరూ ఎన్నుకోలేదు. ఎవరూ అభ్యంతరం కూడా చెప్పలేదు.

ఆవిడ ఏలుబడిలో రెండు చట్టాలు అమలయ్యాయి. మొదటిది, పాచిక స్టీలు పళ్ళెంలో, అందరి ముందూ వేయాలి. "వినపడని పాచిక చెల్లదు," అనేవారు. ఫోన్లో పాచిక వేసే యాప్‌లు వచ్చిన కొత్తలో మా మిత్రుడు ఒకటి చూపిస్తే, "ఇది నిజంగా పడిందో, నీ ఫోన్ పడిందని చెబుతోందో ఎలా తెలుస్తుందిరా అబ్బాయ్?" అని అడిగారు. అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఫోన్ జేబులో పెట్టేసి పళ్ళెం అందుకున్నాడు.

రెండో చట్టం అప్పీలు. తీర్పు నచ్చనివారు బల్ల దగ్గర అరవకూడదు. వారంలోగా, తెలుగులో, స్వదస్తూరీతో, ఒక్క పేజీ మించకుండా అప్పీలు రాసి ఇవ్వాలి. ఈ నిబంధనలోని లోతు మాకు ఆలస్యంగా అర్థమైంది. ఇంగ్లీషులో కోపం నిమిషంలో టైపయిపోతుంది. ఏళ్ళ తరబడి పెన్ను పట్టని చేత్తో తెలుగులో రాయాలంటే, 'అన్యాయము' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి సగం కోపం చల్లారేది. వాళ్ళమ్మాయి అక్షరాలు నేర్చుకున్నదే అప్పీలు కోసం. "నా గురం చచిపోలేదు" అని మూడు వారాలు కష్టపడి రాసింది. ఆంటీ ఉత్తర్వు ఇలా ఉంది: "గుర్రం చనిపోయినది. ఒత్తులు కూడా లేవు. అప్పీలు కొట్టివేయడమైనది. అప్పీలుదారు అక్షరాలు చూసి కోర్టువారు సంతోషించారు."

"అమ్మా, దిస్ ఈజ్ నాట్ ఫెయిర్."

"తెలుగులో రాసివ్వు."

నా పాత్ర ఒక వైద్యుడు. రెండేళ్ళు ఆడాను. ఇరవై మందిని బతికించి ఉంటాడు. ఒక వంతెన కింద అతనికి గాయం తగిలి, పళ్ళెంలో మూడు పడింది. ఆ వారంలోనే నాకు వచ్చిన ఉద్యోగం ఒకటి వీసా కారణంగా చేజారిపోయింది. ఈ రెండింటికీ సంబంధం లేదని నాకూ తెలుసు. నాలుగు పేజీల అప్పీలు రాశాను. పేజీ మించిందని తిప్పి పంపారు. ఒక్క పేజీకి కుదించి మళ్ళీ ఇచ్చాను. వచ్చిన ఉత్తర్వు ఈనాటికీ నా దగ్గర ఉంది: "అప్పీలుదారు దుఃఖం న్యాయమైనదే. పాచిక కూడా న్యాయమైనదే. రెండూ న్యాయమైనవే అయినప్పుడు కోర్టు చేయగలిగింది భోజనం పెట్టడం మాత్రమే." ఆ మధ్యాహ్నం నాకు పప్పుచారు పోసి, "ఇప్పుడు చెప్పు, మీ వైద్యుడు చివరగా ఏమన్నాడు?" అని అడిగారు. చనిపోయిన పాత్రకు ఒక చివరి మాట ఉంటుందనీ, అది ఆ పాత్రను ఆడినవారే చెప్పాలనీ, మిగతావారు వినాలనీ ఆవిడ నియమం. నేను చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ అప్రస్తుతం. చెప్పాక అన్నం సయించింది.

ఇలా సంవత్సరాలు గడిచాయి. మాకు ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, జుట్టు విషయంలో నష్టాలు సంభవించాయి. ఆదివారాలు మాత్రం మారలేదు. పోయినేడాది ఆంటీకి జబ్బని తేలింది. చికిత్సకు గొంతు అలిసిపోయేది. గంటల తరబడి వరదలనూ రాక్షసులనూ వర్ణించడం ఆవిడ వల్ల కాలేదు. పళ్ళెం నా ముందుకు జరిపి, "ఇక నువ్వు నడుపు బాబూ. ఇన్నేళ్ళూ తీర్పులు చెప్పాను. ఒకసారి కక్షిదారుగా ఉండాలని ఉంది," అన్నారు.

ఆవిడ ఎంచుకున్న పాత్ర పడవ నడిపే ఒక ముసలామె. కత్తి లేదు, మంత్రం లేదు. తెడ్డు, నోరు ఉన్నాయి. ఆ నోటికి రాక్షసులు జడిసేవారు.

ఇప్పుడు నేరాంగీకారం. ఒక ఆదివారం, ఎండాకాలంలోనే ఉన్ని టోపీ పెట్టుకుని వచ్చారు ఆంటీ. ఆటలో వరద వచ్చింది. ముసలామె అందరినీ ఒడ్డుకు దాటించి, పడవ తాడు పట్టుకుని తాను నీళ్ళలో ఉండిపోయింది. నియమం ప్రకారం నేను పాచిక వేయాలి. వేశాను. పళ్ళెంలో అది గలగలమని తిరుగుతుండగానే నా చేయి నా అనుమతి లేకుండా వెళ్ళి దాని మీద పడింది. చప్పుడు ఆగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి చూశాను.

నాలుగు.

నోటిదాకా వచ్చిన మాట ఆపలేకపోయాను. దాని ముందు ఒక 'పద్' మాత్రం తగిలించగలిగాను.

"పద్... పద్నాలుగు."

వాళ్ళమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది. మా మిత్రుడికి హఠాత్తుగా జంతికల మీద ఆసక్తి కలిగింది. ఆంటీ నా ముఖం చూడలేదు. నా చేతిని చూశారు.

"పద్నాలుగా?"

"పద్నాలుగే ఆంటీ."

"అయితే మా ముసలిది బతికిందన్నమాట. సరే, కానియ్యి."

వారం తిరిగేసరికి నాకు ఒక కాగితం అందింది. మా బల్ల చరిత్రలో ముప్పై ఒకటో అప్పీలు. బతికించినందుకు వచ్చిన అప్పీలు అదొక్కటే. ఆంటీ దస్తూరీ, గీత తప్పని అక్షరాలు:

"గత ఆదివారం పడిన సంఖ్య పద్నాలుగు కాదని అప్పీలుదారు నమ్మకం. తమరు అరచేయి అడ్డం పెట్టినందున సాక్షులు లేరు. ఈ బల్ల మీద ఇంతవరకు పదకొండు పాత్రలు పాచిక ప్రకారం చనిపోయినవి. అందులో తమరి వైద్యుడు ఒకడు. ఆ రోజున నేను పాచికను చూసి తీర్పు చెప్పాను. ఈసారి తమరు నన్ను చూసి తీర్పు చెప్పారు. నన్ను మినహాయిస్తే ఆ పదకొండింటికీ అన్యాయం చేసినట్టే. అదీగాక, నా ముసలిది చెప్పవలసిన చివరి మాట నా దగ్గరే ఉండిపోయినది. కావున ఆమె చనిపోయినట్టు ప్రకటించి, ఆ మాట చెప్పుకొనుటకు అనుమతి ఇప్పించవలెను."

నేను ఆ కాగితం మీద 'పరిశీలనలో ఉంది' అని రాసి ఫైల్లో పెట్టాను. ఉత్తర్వు రాయడానికి రెండు నిమిషాలు చాలు. కానీ 'చనిపోయినట్టు ప్రకటించడమైనది' అని నా చేత్తో నేను రాస్తే, దాన్ని చూసి తమరు కూడా అదే దారి పడతారేమోనని భయపడ్డాను. ఇంజనీరింగులో రెండు డిగ్రీలు ఉన్న మనిషిని. అయినా భయపడ్డాను.

ఆ తర్వాతి ఆదివారాలన్నీ ఆంటీ ఆడింది ఒకే ఆట. వంతు వచ్చిన ప్రతిసారీ, "ముసలిది ఒడ్డున కూర్చుని ఉంది. నా వంతు అయింది," అనేవారు. తెడ్డు ముట్టుకోలేదు. రాక్షసులు వచ్చినా తిట్టలేదు. పైకి వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, ప్రభుత్వ కార్యాలయంలో అడిగినట్టు మర్యాదగా అడిగేవారు: "నా ఫైలు ఏమైనా కదిలిందాండీ?"

"ఇంకా పరిశీలనలో ఉందాంటీ."

ఆసుపత్రిలో చేర్చిన రోజున చూడటానికి వెళ్ళాను. రెండు రోజులు ఉంచుకుని చూస్తామన్నారట డాక్టర్లు. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టి, మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. నేను మళ్ళీ అదే జవాబు చెప్పాను.

"నేనూ పరిశీలనలోనే ఉన్నా నాయనా," అని నవ్వారు. "మనిద్దరిలో ఎవరి ఆర్డరు ముందొస్తుందో చూద్దాం."

తమ ఆర్డరే ముందొచ్చింది.

అంత్యక్రియల తర్వాత ముగ్గురం కిందికి దిగి బల్ల దగ్గర కూర్చున్నాం. మా వరంగల్ మిత్రుడు పళ్ళెంలోని పాచికను చేతిలోకి తీసుకుని, "ఆంటీకి ఏసిన డైస్ మనకెవ్వలు జూపియ్యలే. గిది చెల్లదు. అప్పీల్ జేద్దాం," అన్నాడు. వాళ్ళమ్మాయి తల అడ్డంగా ఊపింది. "వద్దు. అమ్మ డిస్మిస్ చేసేస్తుంది." ఆమె చెప్పింది నిజం. అందువల్ల ఆ విషయమై తమ నిర్ణయాన్ని మేము ఈ విన్నపంలో ప్రశ్నించడం లేదు.

మా దగ్గర ఆగిపోయిన ఫైలును మాత్రం ఆ సాయంత్రమే బయటికి తీసి, ఇద్దరు సాక్షుల ముందు ఈ క్రింది ఉత్తర్వు రాశాను. నాలుగు పడిందని వారికి చెప్పాను. "మాకెర్కనే," అన్నాడు మిత్రుడు.

ఉత్తర్వు. అప్పీలు నం. 31ని అనుమతించడమైనది. ఆనాటి ఆట వివరాల్లో 'పద్నాలుగు' అని ఉన్నచోట 'నాలుగు' అని చదువుకొనవలెను. పడవ నడిపే ముసలామె ఆ వరదలోనే, అందరినీ ఒడ్డుకు చేర్చిన పిమ్మట, తాడు వదలకుండా చనిపోయినట్టు ప్రకటించడమైనది. చివరి మాట చెప్పుకొనుటకు అప్పీలుదారుకు అనుమతి మంజూరైనది. జాప్యానికి పూర్తి బాధ్యత ఆట నడిపినవాడిది.

అందుమీదట తమకు సమర్పించు డిమాండు ఇది ఒక్కటే:

నం. 1. పై ఉత్తర్వు ప్రతిని అప్పీలుదారుకు స్వయంగా అందజేయవలెను. ఆవిడ ప్రస్తుత చిరునామా తమ వద్ద మాత్రమే ఉన్నది. అందుకున్నాక ఆవిడ ఒక మాట చెబుతారు. అది వినేంతవరకు తమరు వేరే ఏ పనీ చేపట్టరాదు. చివరి నెలల్లో ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది. దగ్గరగా జరిగి కూర్చుని వినవలెను.