అంజయ్య గ్రౌండ్‌కు దారి

మా నాలుగెకరాల చౌడు భూమిలో ఇప్పుడు ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కి, రుద్రారం రాకముందే దిగి, ఎడమవైపు మట్టిరోడ్డున పది నిమిషాలు నడిస్తే వస్తుంది. భూమి ఇచ్చింది మా నాయన సంగయ్య. అందరూ పిలిచేది మాత్రం ‘అంజయ్య గ్రౌండ్’ అని! విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఇంతకీ ఎవరీ అంజయ్య? మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ముప్పై ఏళ్ల కిందట ఆ ఫ్యాక్టరీకి వచ్చిన బెంగాలీ కార్మికులు బంతి తెచ్చారు. ఆడుకోవడానికి జాగా అడిగితే నాయన రాసిచ్చేశాడు. అంజయ్య చేసిందల్లా డ్యూటీ దిగగానే వచ్చి రాళ్లేరడం. ఏళ్ల తరబడి ఏరాడు. ఆ రాళ్లతోనే మెట్లు కట్టాడు, సున్నంతో గీతలు గీశాడు, ఈల ఊదాడు. ఏం, రాళ్లు ఎవరైనా ఏరతారు! నేనూ ఒకరోజు ఏరాను. నడుం పట్టేసింది, మళ్లీ పోలేదు.

కిందటేడు సర్కారు గ్యాలరీ కట్టించింది. నేను ఆఫీసుల చుట్టూ తిరిగి, గేటు కమాను మీద ‘సంగయ్య స్టేడియం’ అని రాయించాను. అంజయ్య కుళ్లిపోతాడని ఆశపడ్డాను.

“మంచిగైంది పటేలా, పెద్దపటేల్ పేరుండాలె” అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకే కడుపుమంట ఎక్కువైంది.

ప్రారంభం రోజు పొద్దున పదకొండైనా పెద్దాఫీసరు రాలేదు. చివరికి ఆయన డ్రైవర్ ఫోన్ చేశాడు.

“సంగయ్య స్టేడియం యాడుంది సార్? ఎవల్నడిగినా తెల్వదంటున్రు.”

“రుద్రారం రాకముందు ఎడమకు తిరుగు.”

“ఈడ నాలుగు సందులున్నయి. సార్‌కు ఇంకో మీటింగుంది, జల్దీ చెప్పుండ్రి. లేకుంటే వాపస్ పోతం.”

ఆయన వెనక్కి పోతే నాయన పేరు మీది గుడ్డ తీసేదెవరు? ఊరంతా నా మొహమే చూస్తోంది. అంజయ్య పక్కనే నిలబడ్డాడు. గొంతు తగ్గించి చెప్పాను.

“అంజయ్య గ్రౌండ్ అని అడుగు.”

“గట్ల ముందే చెప్పొద్దా సార్!”

ఐదు నిమిషాల్లో కారు వచ్చి కమాను కింద ఆగింది. ఆఫీసరు దిగి, తెల్లబట్టల్లో ముందు నిలబడ్డ నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“మీరేనా అంజయ్య గారు? దారి పొడుగునా మీ గురించే చెప్పారండీ!”

కాదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.