మా గ్రూపులో విజిల్

డ్రిల్లు టీచరుగారు పోయారు. మొన్న పొద్దున్న అంబాజీపేట డిపోలో ఎండు కొబ్బరి బస్తాల తూకం చూసుకుంటూ ఉండగా ఆవిడ చెల్లెలుగారు ఫోన్ చేశారు.

"అక్క వెళ్ళిపోయిందండి," అన్నారు. తరవాత, "గ్రూపులో మీరే పెట్టాలంట. అక్క ముందే చెప్పింది," అన్నారు.

"ఆయ్," అన్నాను. అంతకు మించి మాట్లాడ్డం మామూలు రోజుల్లో కూడా నాకు రాదు.

గ్రూపంటే ఫోనులో మాకున్న చర్చావేదిక. కోనసీమ కొబ్బరి రైతులు, చెట్లెక్కి కాయ దింపు తీసేవాళ్ళు, వ్యాపారులు, పెరట్లో నాలుగు చెట్లున్న గృహిణులు, అందరూ కలిసి కొన్ని వందల మందిమి ఉంటాం. అది పెట్టిందీ, నడిపిందీ టీచరుగారే. ఆవిడ లేరన్న సంగతి ఆవిడ పెట్టిన చోటే రాయాల్సి వచ్చింది. చెరిపి, మళ్ళీ రాసి, చివరికి రెండు వాక్యాలు పంపాను.

పంపీపంపగానే బల్ల మీద ఫోను కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆర్.ఐ.పి. దణ్ణం బొమ్మ. ఆర్.ఐ.పి. గులాబీ బొమ్మ. మళ్ళీ ఆర్.ఐ.పి. ఆవిడ ఆ గ్రూపులో గట్టిగా వద్దన్న పని అదే. అది ఆపాల్సిన మనిషిని ఇప్పుడు నేను. ఎలా ఆపాలో నేర్పారు గానీ, ఒక్కసారైనా ఆపి ఎరగను. నేను ఆపమంటే ఎవరాగుతారు?

ఆవిడ గురించి తెలియనివాళ్ళకి ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

రాజోలు వైపు ఆడపిల్లల హైస్కూల్లో ఆవిడ డ్రిల్లు టీచరు. తెల్ల కాన్వాసు బూట్లు, చీరకి పక్కన పిన్నీసు, మెడలో ఎర్ర తాడుకి వేలాడే విజిల్. రిటైరయ్యాక విజిల్ మెడలోంచి తీసి వసారాలో మేకుకి తగిలించారు గానీ బూట్లు మాత్రం మానలేదు. ఆదివారం ప్రార్థనకి కూడా వాటితోనే వెళ్ళేవారు. వాళ్ళ నాన్నగారి కొబ్బరి తోట చూసుకుంటూ ఉండగా మా ప్రాంతానికి తెల్లదోమ పట్టుకుంది. ఆకుల అడుగున తెల్లగా బూజులా పరుచుకుని, కింది ఆకుల్ని నల్లగా మాడ్చేసే పురుగు అది. ఎవరి తోటలో ఏం చేస్తే తగ్గిందో నలుగురికీ తెలియాలని ఆవిడ గ్రూపు పెట్టారు. మా డిపోకి కాయ అమ్మడానికి వచ్చినప్పుడు నన్నూ చేర్చారు.

నేను డిపోలో గుమాస్తాని. రోజూ జమాఖర్చు రాస్తాను. బడి మధ్యలో మానేసినవాణ్ణి. నాకొచ్చిన నాలుగక్షరాలూ బస్తాల మీద మార్కులూ, పొట్లాలు కట్టిన పేపర్లూ చూసి నేర్చుకున్నవే. గ్రూపులో చేరిన కొత్తల్లో ఏదో రాయబోయేవాణ్ణి, భయమేసి చెరిపేసేవాణ్ణి. ఒకరోజు ఆవిడే ఫోన్ చేశారు.

"మీరేదో రాస్తన్నట్టు పైన కనపడతంది. కాసేపటికి పోతంది. మళ్ళీ వస్తంది. ఏంటండి ఆ దోబూచులాట?"

"తప్పులొస్తాయేమోనండి."

"రానివ్వండి. నేను డ్రిల్లు టీచర్ని. నాకూ వస్తాయి."

ఆ సాయంత్రమే గ్రూపులో ఒక మాట పెట్టారు. ఒకళ్ళ రాతలో తప్పుంటే ఇంకొకళ్ళు నలుగురిలో దిద్దకూడదు, అర్థం కాకపోతే మర్యాదగా అడగాలి అని. ఎవరి గురించి పెట్టారో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. మర్నాడు వేపనూనె ఎలా కలపాలో నేను మొత్తం రాసి పంపాను.

తగాదా ముదిరినప్పుడు ఆవిడ పెద్ద పెద్ద నీతులు రాసేవారు కాదు. "విజిల్" అని ఒక్క మాట రాసేవారు. అంతే, అది కనపడ్డాక ఎవరూ ఏమీ రాయకూడదు. ఆవిడ మళ్ళీ "ఊఁ" అనేదాకా అందరూ నిలబడిన చోట నిలబడిపోవాలి. ఆవిడ డ్రిల్లు చేయించిన పిల్లలకి ఇప్పుడు మనవలున్నారు. వాళ్ళలో చాలామంది గ్రూపులోనే ఉన్నారు కాబట్టి ఆ మాటకి అలవాటుగానే ఆగిపోయేవారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ ఆగేవారు.

ఒక్కసారి మాత్రం విజిల్ వేసేలోపే దెబ్బ తగిలిపోయింది.

కపిలేశ్వరపురం దగ్గర గోదారి లంకలో కాపురముండే ఒక పెద్ద రైతు, మేమంతా లంక బాబాయిగారు అంటాం, తన తోట ఫొటో పెట్టి, ఆకులన్నీ తెల్లబడిపోయాయి, ఏం చెయ్యమంటారని అడిగారు. మా అంబాజీపేటలో లారీలున్న ఒకాయన ఉన్నాడు. ఎటకారం లేకుండా అన్నం కూడా వడ్డించుకోడు. వెంటనే రాశాడు: "చెట్లకి పౌడరు రాసేరేంటండి బాబాయిగారూ, పెళ్ళిచూపులా?" దాని కింద నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. ఎవరో విరుగుడు చెప్పేలోపే లంక బాబాయిగారు గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

టీచరుగారు విజిల్ అని రాసి ఊరుకోలేదు. మర్నాడు లారీ ఆయన్నీ, సాక్షిగా నన్నూ వెంటబెట్టుకుని రేవుకి బయల్దేరారు.

"నన్నెందుకండి టీచరుగారూ, ఫోన్లో సారీ చెప్పేస్తానండి," అన్నాడు లారీ ఆయన.

"ఫోన్లో అనబట్టేగా ఇదంతా. ఎక్కు బాబూ పడవ."

ఆవిడకి నీళ్ళంటే భయమని నాకు పడవలోనే తెలిసింది. అవతలి ఒడ్డు వచ్చేదాకా కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో బల్ల పట్టుకు కూర్చున్నారు. పడవ ఆగగానే కళ్ళు తెరిచి, ఏమీ జరగనట్టు బూట్లు దులుపుకుని దిగారు.

లంక బాబాయిగారు మమ్మల్ని చూసి మంచం వాల్చారు. బొండాలు కొట్టించారు. "ఈ బాబెవరండి?" అనడిగారు.

"పౌడరు బాబండి," అన్నారు టీచరుగారు.

లారీ ఆయన బొండాం చేతిలో పట్టుకుని తల దించుకున్నాడు. "ఎటకారానికన్నానండి బాబాయిగారూ. మనసులో ఏం లేదండి."

"ఎటకారమని నాకెలా తెలుద్దయ్యా? నీ మొహం నాకు కనపడలేదాయె. ఇలాగ ఎదురుగా అనుంటే, ఆయ్, పిల్ల నచ్చిందా, కట్నమెంతిస్తావని నేనూ అడిగేవోణ్ణి." టీచరుగారి వైపు తిరిగారు. "మాట అన్నందుక్కాదండి. ఆ నవ్విన బొమ్మల్లో మా అల్లుడిది కూడా ఉందండి. మా ఇంటికొచ్చి నా ఎదర కుర్చీలో కూడా కూర్చోడండి ఆ అబ్బాయి."

తిరుగు పడవలో ఆవిడ కళ్ళు మూసుకునే మాట్లాడారు. "డ్రిల్లులో పిల్లల్ని నిలబెట్టగానే మొదట చేతులు చాపిస్తానండి. పక్కవాళ్ళకి తగలనంత ఎడం ఉంటే ఆ తరవాత ఎన్ని గెంతులేసినా ఎవరికీ దెబ్బ తగలదు. మన గ్రూపులో నేనది చేయించలేదు."

"ఎటకారం మానేయమంటారాండి?" అన్నాడు లారీ ఆయన, ప్రాణం పోతున్నట్టు.

"మానేస్తే నువ్వు బతకవు. ఎటకారం ఆడినోళ్ళు చివర 'వె' అని పెట్టండి. చదివేవాళ్ళకి నీ మొహం కనపడినట్టుంటది."

"పొగిడినప్పుడు కూడా పెట్టాలాండి?"

"నువ్వు పొగిడితే తప్పకుండా పెట్టాలి."

ఆ రోజు నుంచి మా గ్రూపులో వెటకారానికి "వె" గుర్తయింది. నవ్వు బొమ్మకి కూడా షరతు పెట్టారు: ఆ మనిషి ఎదురుగా ఉంటే నవ్వగలిగితేనే నవ్వండి. సరేననడానికి బొటనవేలి బొమ్మ పెడుతుంటే, "మనకి ఆయ్ ఉండగా వేలెందుకండి?" అని అడిగారు. లంక బాబాయిగారు తిరిగి చేరారు. ఆయన రాసిన మొదటి మాట లారీ ఆయనకే: "మా చెట్లకి పౌడరు వదిలిందయ్యా, నీ లారీలకి రాసుకో. వె." అల్లుడు ఆ కింద నవ్వు బొమ్మ పెట్టలేదు. "ఆయ్ మావయ్యగారూ" అని రాశాడు.

ధర దగ్గర రైతులూ వ్యాపారులూ ఒక సాయంత్రమంతా దెబ్బలాడుకుని, ఒక్కళ్ళు కూడా గ్రూపు వదలకుండా నిద్రపోయిన రోజులు నేను చూశాను. ఇప్పుడు చేపల చెరువుల వాళ్ళ గ్రూపులో కూడా వె పెడుతున్నారట. అది పుట్టిన పడవలో నేనున్నానని చెప్పుకోవడం నాకు గర్వం. నేను గర్వంగా చెప్పుకునేవి ఎక్కువ లేవు.

ఇక ఆర్.ఐ.పి. సంగతి. దింపు తీసే ఒకాయన చెట్టు మీంచి పడి పోయినప్పుడు గ్రూపంతా అవే మూడక్షరాలు పోశారు. మధ్యలో ఎవరో కాయ ధర అడిగారు, ఇంకెవరో దానికి నవ్వు బొమ్మ పెట్టారు. ఆ ఇంట్లో ఆయన భార్య అవన్నీ చూస్తోంది. విజిల్ పడింది. తరవాత టీచరుగారు తన అలవాటుకి విరుద్ధంగా కాస్త పొడుగ్గా రాశారు.

"ఆ మాట మా సమాధుల మీద ఉంటది. చెక్కేవాడు ఉలి పట్టుకుని ఒక్కో అక్షరానికీ చెమటోడుస్తాడు. మీరు వేలితో నొక్కి పోతన్నారు. పోయిన మనిషితో మీకు జరిగిన సంగతి ఏదైనా ఉంటే ఒకటి రాయండి. లేకపోతే ఊరుకోండి. ఊరుకోడం కూడా మర్యాదే."

అప్పుడు రాశారు. మా చెట్టెక్కి పిల్లిని దింపాడని ఒకరు, కూలి తక్కువిస్తే పైనుంచే కబురు పంపేవాడని ఇంకొకరు. ఆయన భార్య అవి పిల్లల చేత చదివించుకుందని తరవాత తెలిసింది.

ఆరోగ్యం పాడయ్యాక, ఈ మధ్యనే, టీచరుగారు నన్ను ఇంటికి పిలిచారు. వసారాలో కుర్చీలో ఉన్నారు, కాళ్ళకి బూట్లున్నాయి. గ్రూపు ఇకనుంచి నేను చూసుకోవాలన్నారు.

"నాకు మాట్లాడ్డం రాదు కదండి టీచరుగారూ."

"మాట్లాడేవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారండి. మిమ్మల్ని విజిల్ వెయ్యమంటన్నాను."

"నేనేస్తే ఆగుతారాండి?"

మేకుకున్న విజిల్ వైపు చూపించారు. "ఇది వేసింది నేనా, ఇంకోళ్ళా అని పిల్లలు వెనక్కి తిరిగి చూడరండి. ముందు ఆగుతారు."

మొన్న పొద్దున్న డిపోలో నాకు గుర్తొచ్చిందీ ఆ మాటే. బల్ల మీద ఫోను ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ఆవిడ చెల్లెలుగారు ఇవన్నీ చూస్తూ ఉంటారనిపించింది. ఫోను తీసుకుని ఒక్క మాట రాశాను. ఈసారి చెరపలేదు.

"విజిల్."

ఫోను ఆగింది. తూకం దగ్గర కూలీల్లో గ్రూపులో ఉన్నవాళ్ళు ఇద్దరు తలెత్తి నా వైపు చూశారు. నా జన్మలో నేను గొంతెత్తి ఒకరిని ఆపింది లేదు. ఎవరూ ఏమీ రాయలేదు. పెట్టిన ఆర్.ఐ.పి.లు ఒక్కొక్కటే తుడిచేసుకుంటున్నారు. అంతా అయ్యాక "ఊఁ" అని రాశాను.

పైన "రాస్తున్నారు" అని లంక బాబాయిగారి పేరు కనపడింది. పోయింది. మళ్ళీ వచ్చింది. ఆ దోబూచులాట నాకు తెలుసు కాబట్టి ఓపిగ్గా చూశాను.

"నీళ్ళంటే భయమట ఆవిడకి, పడవోడు తరవాత చెప్పేడు. ఆవేళ మా ఇంట్లో బొండాం తాగి నవ్వుతా కూర్చున్నారు గానీ చెప్పలేదండి. నాకోసం పడవెక్కేరు."

తరవాత చాలా వచ్చాయి. బూట్ల గురించి, వేపనూనె గురించి, చేతులు చాపించిన బడి గ్రౌండు గురించి. అన్నిటికన్నా ఆఖర్న లారీ ఆయన రాశాడు.

"టీచరుగారు నన్ను గ్రూపులోంచి చాలాసార్లు తీసేసేరండి. తీసేసిన ప్రతిసారీ సాయంత్రానికి మళ్ళీ చేర్చుకునేవోరు. ఇప్పుడు ఆవిడే వెళ్ళిపోయేరు. సాయంత్రానికి ఆవిణ్ణి మళ్ళీ చేర్చండి గుమాస్తాగారూ. వె."

దాని కింద ఒక్క నవ్వు బొమ్మ కూడా పడలేదు. తరవాత లంక నుంచి ఒక మాట వచ్చింది. ఆయ్. దాని కింద ఆయన అల్లుడి దగ్గర్నుంచి ఇంకొకటి. ఆ తరవాత రాజోలు నుంచి, కొత్తపేట నుంచి, నాకు పేర్లు తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ, ఒకరి కింద ఒకరు, ఆయ్, ఆయ్, ఆయ్. గ్రౌండులో చేతులు చాపి నిలబడ్డ పిల్లల్లా, ఒకళ్ళకొకళ్ళు తగలకుండా, వరుస కిందికి సాగిపోతూనే ఉంది.