తలెత్తి కూర్చున్న మా అక్క

కంటి ఆపరేషనై నాలుగు రోజులైంది. రెటీనా నడిమధ్యన పడ్డ రంధ్రం మూసుకోవాలని కంట్లోకి గ్యాస్ బుడగ ఎక్కించారు, అది పైకి తేలి రంధ్రాన్ని అదిమి పట్టాలంటే వారం పాటు మొహం నేలకేసే ఉంచాలట. అందుకని జగ్గయ్యపేటలో మా ఇంటి గచ్చు చూసుకుంటూ, మా అమ్మాయి సర్దిపెట్టిన దిండు మీద నుదురాన్చి పడి ఉన్నా. నా ఈడు వాళ్ళు మీలో కొందరికి ఈ శిక్ష తెలిసే ఉంటుంది. నాకు మటుకు పన్నెండేళ్ళ కిందటే తెలుసు.

నందిగామలో టీచరు చేసిన మా అక్కకి అప్పుడు ఇదే ఆపరేషన్. రెండో కన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది, ఆవిడకున్న చూపంతా ఈ కంటిదే. సరిగ్గా మూడో రోజున మా అమ్మాయి నిశ్చితార్థం. పెళ్ళికూతుర్ని చెయ్యి పట్టుకు తెచ్చి పీటమీద కూర్చోబెట్టాల్సింది మేనత్తే కదా, కారు పంపి పిలిపించుకున్నా. ఆవిడ ఓ పక్కన తల వంచుకు కూర్చుంటే, వత్సవాయి నించి వచ్చిన మగపెళ్ళివారు మేనత్త అలిగిందేమోనని గుసగుసలు మొదలెట్టారు. ఉన్న సంగతి చెబితే కంటి జబ్బు వంశంలోనే ఉందనుకుంటారని నాకు భయం. నా బుద్ధి గడ్డి తిని, కాస్త తలెత్తి నవ్వుతూ కూర్చో అక్కా అని బతిమాలా. డాక్టరు వద్దన్నాడురా అని ఒక్కసారే అంది. తర్వాత తాంబూలాలు, భోజనాలు, ఫోటోలు అన్నీ అయ్యి పొద్దు వాలేదాకా అలా నిటారుగానే కూర్చుంది, పిచ్చి మనిషి. నేను మళ్ళీ అటుకేసి చూడనైనా లేదు.

రంధ్రం మూసుకోలేదు. ఇంకోసారి చేసినా ఫలితం లేకపోయింది. తలెత్తినందుకే ఇలా అయిందని డాక్టరు కచ్చితంగా అనలేదు, ఆ సందు చూసుకుని నేను చుట్టాలందరి దగ్గరా ఆపరేషనే సరిగా చెయ్యలేదని చెప్పుకు తిరిగా. అక్క పక్కనే కూర్చుని ఊఁ కొట్టింది. ఎదుటి మనిషి చీర అంచు కనబడుతుంది గాని మొహం కనబడదు ఆవిడకి. పుస్తకం పట్టుకోవడం మానేసింది.

ఆవేళ అక్కని తలెత్తమన్నది నేనేనని మా అమ్మాయికి ఇప్పటికీ తెలియదు. చూడవచ్చిన వాళ్ళని, నాన్న తల ఎత్తకూడదండి, తర్వాత రండి అని గుమ్మంలోంచే పంపించేస్తోంది, వాళ్ళూ ఏమీ అనుకోకుండా ఫోన్ చేస్తాంలే అని వెళ్ళిపోతున్నారు. ఎంత సులువైపోయాయి రోజులు! అప్పుడూ ఇంత సులువేనేమో, మా అక్కకి ఆపరేషనైందండీ అని నేనొక్క ముక్క అంటే సరిపోయేదేమో.

పొద్దున్నే నందిగామ నించి అక్క ఫోన్ చేస్తోంది. ఎలా ఉందని అడగదు. నువ్వైనా తల ఎత్తకురా తమ్ముడూ అంటుంది. అలాగే అక్కా అంటున్నా. జబ్బులు దాచుకునే కాలం పోయిందంటారు, నేను మాత్రం ఆనాటి సంగతి ఇంకా దాస్తూనే ఉన్నా.