సాయవ్వ కుడి బొటనవేలు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నాందేడ్‌లోని ఒక ఆసుపత్రిలో నేను ఎముకల విభాగం అధిపతిగా ఉండగా సాయవ్వ నా ఓపీకి వచ్చింది.

తెలంగాణ సరిహద్దున ధర్మాబాద్ దగ్గరి పల్లె మనిషి. ఊళ్లో భూమి లేక పట్నం చేరి, ఒక ఖానావళిలో భోజనానికి వచ్చేవాళ్లకు జొన్నరొట్టెలు చేసేది. రెండు బొటనవేళ్ల మొదళ్లలోనూ కీళ్లు అరిగిపోయాయి, కుడిది మరీనూ. మాత్రలు, పట్టీ, ఇంజెక్షన్ అన్నీ అయిపోయాయి. చెయ్యి ఆడకపోతే పొయ్యి దగ్గర ఆమె చోటు ఇంకొకరిది.

కృత్రిమ కీలు మా దగ్గర వేసేవాళ్లం కాదు. మిగిలినవి రెండు దారులు. కీలు కింద ట్రపీజియం అనే చిన్న ఎముకను తీసేస్తే వేలు బాగా తిరుగుతుంది కానీ, పట్టు రావడానికి నెలలు పడుతుంది. ఫ్యూజన్ చేసి, అంటే స్క్రూలతో కీలును అతికించేస్తే, పట్టు గట్టిగా ఉంటుంది, కదలిక తగ్గుతుంది. కాయకష్టం చేసే చేతికి ఫ్యూజనే మేలని మేం చదువుకున్నాం. కేసు పేపరులో వృత్తి దగ్గర 'కూలి' అని రాసి, బొమ్మలు గీసి, అరగంట ఉపన్యాసం దంచాను.

"మీకు ఎట్ల మంచిగ అనిపిస్తె అట్ల చెయ్యుండ్రి సార్" అంది. నేను అంత బాగా చెప్పానన్నమాట అనుకున్నాను.

కుడిచేతికి ఫ్యూజన్ చేశాను. ఎముక చక్కగా అతికింది. ఆ ఎక్స్‌రేను జూనియర్లందరికీ పెళ్లిఫొటోలా చూపించాను. నాలుగో నెలలో సాయవ్వ వచ్చి నా బల్ల మీద చెయ్యి బోర్లా పెట్టింది. బొటనవేలు అడ్డుపడి అరచెయ్యి బల్లకు ఆనలేదు.

"నొప్పి పోయింది సార్. గని రొట్టె తడుతుంటె ఏలు గుచ్చుకొని చినుగుతున్నది. నెలాఖరుదాక సూస్త అన్నడు మా మాలక్."

నలభై ఏళ్లుగా రెండు పూటలా జొన్నరొట్టె తిన్నవాణ్ని. అది చేసే చేతిని ఒక్కనాడూ చూడలేదు.

ఎడమచేతికి ఏం చేద్దామని అడిగాను.

"ఈపారి ముందుగాల రొట్టె సూడుండ్రి సార్. ఎన్క కొయ్యుండ్రి."

మర్నాడు ఖానావళికి వెళ్లి పొయ్యి పక్కన గంటసేపు నిలబడ్డాను. ఎడమచేతికి ఫ్యూజన్ కాకుండా ఆ చిన్న ఎముకను తీసేశాను. అది నయమయ్యేదాకా సాయవ్వ బదులు ఆమె తోడికోడలు రొట్టెలు చేసింది. ఏడాది తిరిగేసరికి సాయవ్వ ఎడమచేత్తో రొట్టె తట్టడం నేర్చుకుని తన చోట్లోకి వచ్చేసింది. కుడిచెయ్యి మాత్రం నేను చేసినట్టే ఉండిపోయింది.

ఆ తర్వాత ఎవరి చెయ్యి కోయాలన్నా, ఆ చేత్తో చేసే పనిని ముందు చేసి చూపించమనేవాణ్ని. అంతకుముందు నేను కోసిన చేతులు ఏం పని చేసేవో నాకు తెలియదు.