పెద్దమ్మ ఇంటి పచ్చ అల్లుళ్లు

పెద్దమ్మ పోయిందని మొన్న ఆదివారం పొద్దున్నే ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట. నేను ఇప్పుడుంటున్న ఖమ్మం నుంచి సారపాక చేరేసరికి ఇంటి ముందు వాడకట్టంతా ఉంది. ఏడుస్తున్నవాళ్లే మధ్యమధ్యలో ఆమె పురుగుల సంగతి తలుచుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు మీకు అర్థం కావాలంటే ఆ పురుగుల గురించి చెప్పాలి.

ఆమె నాకు చుట్టం కాదు. మా ఆయనకు సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని దొరికినప్పుడు మేం కిరాయికి దిగిన ఇంటికి పక్కవాటా ఆమెది. దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైంది. హాల్లో కిటికీ పక్కన, పాత పెయింటు డబ్బాలో కరివేపాకు మొక్క పెంచేది. ఒకరోజు చారులోకి రెండు రెబ్బలు తెంపుకుందామని వెళితే, ఆకు మీద వేలంత పచ్చటి పురుగు! కెవ్వుమని చీపురు అందుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా! గది మా అల్లుడు."

"అల్లుడేంది పెద్దమ్మా?"

"తినుడు, పండుడు. ఇంకో పని లేదు. అల్లుడు గాక ఏంది?"

ఆమె చూపిస్తేనే చూశాను: ఆవగింజ కన్నా చిన్న గుడ్డు, పిట్టరెట్టలా కనిపించే పిల్లపురుగు, అది చర్మం విడిచి పచ్చబడటం. వేలు తగిలితే తలలోంచి ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన వదిలేది. "అల్లునికి కోపమొచ్చింది" అని పెద్దమ్మ మురిసిపోయేది. పురుగుల్ని సీసాల్లో పెట్టి, పలచటి బట్ట కట్టి, రోజూ సీసాలు కడిగేది. "వార్డు గలీజుగుంటే పేషెంటు కోలుకుంటడా?" అనేది. ఇంట్లో మొక్క పెట్టుకుని ఆమె మాత్రం కరివేపాకు లేకుండానే పోపు వేసుకునేది.

ఒకసారి కడుపులో రాళ్లకు ఆపరేషన్ అని ఖమ్మం వెళ్లాల్సి వచ్చింది. ఆటో ఎక్కుతూ, "నాకేం గాదు. వాళ్లకు ఆకు తక్కువ చెయ్యకు" అని తొమ్మిది పురుగుల్ని నాకు అప్పగించింది.

మూడు రోజుల్లో మొక్క బోడిదైపోయింది. మార్కెట్ నుంచి ఆకు తెచ్చి వేశాను. మందు కొట్టిన ఆకేమో, సాయంత్రానికి రెండు చచ్చిపోయాయి. ఫోన్ చేసి ఏడ్చాను.

"మా వార్డుల గూడ అందరు బతికిన్రా బిడ్డా? ఉన్నోళ్లను చూస్కో" అంది, ఆపరేషన్ అయిన మర్నాడే, నీరసంగా.

మందు కొట్టని పెరటి కరివేపాకు కోసం ఇల్లిల్లూ తిరిగాను. "ఏందమ్మా, రోజూ పులిహోరేనా?" అని అడిగారు. నిజం చెప్పాను. మర్నాటి నుంచి వాళ్లే తెచ్చివ్వడం మొదలుపెట్టారు. ఆకుకూరలమ్మే అవ్వయితే అడవి కరివేపాకు ఇంత మోపు తెచ్చి గుమ్మంలో పడేసి, "పెద్దమ్మ పిల్లలు గదా, కడుపునిండ తిననియ్యి" అంది.

ఏడూ గూళ్లు కట్టాయి. రెండు వారాలకు పెద్దమ్మ, తన కూతురి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఇంటికొచ్చింది. కుర్చీలో కూర్చుని చాయ్ అందుకుందో లేదో, సీసాలో ఒక గూడు పగిలింది. ముడతలుపడ్డ తడి రెక్కలతో సీతాకోకచిలుక, ఆమె సీసాలోకి చాచిన వేలు పట్టుకుని పైకెక్కింది. వాడకట్టంతా గుమ్మంలో చేరింది.

"ఆడబిడ్డా, మొగబిడ్డా పెద్దమ్మా?" అన్నారెవరో.

"నన్ను నవ్వియ్యకుండ్రి, కుట్లు గుంజుతున్నయ్!" అంటూనే ఆమె నవ్వింది. ఒక చెయ్యి కడుపు మీద అదుముకుంది. రెండో చెయ్యి మాత్రం కదలలేదు. చాయ్ చల్లారిపోయింది. ఆ వేలి మీద, తెల్లచుక్కల నల్లటి రెక్కలు మెల్లమెల్లగా విచ్చుకుంటున్నాయి.